రెండువందల గంటల లెక్క



మొన్న మారేడుమిల్లి సంతలో ఒకాయన నన్ను ఆపాడు. భుజం మీద కొండచీపుళ్ళ కట్ట. పక్కన కూతురు. ఇంటర్ మొదటి సంవత్సరం. "మాష్టారూ, మా పిల్ల పైలెట్ అవుతానంటోందండి. ఎన్ని లక్షలవుద్దేంటి?" అనడిగాడు. ఆ పిల్లేమో కట్ట వెనకాల సగం దాక్కుంది. మిగతా సగం నావైపే చూస్తోంది.

నేను వెంటనే జవాబు చెప్పలేదు. ఎందుకంటే, ఉన్నమాట చెప్పేస్తే ఆ సంభాషణ అక్కడితో అయిపోతుంది. మన దేశంలో ఇవాళ కమర్షియల్ పైలెట్ శిక్షణకి 40 లక్షలు, ఆ పైన అవుతుంది. చీపురుకట్ట ఎంతకి అమ్ముడవుతుందో నాకు తెలుసు. ఆయనకి ఇంకా బాగా తెలుసు. అందుకని, "టీ తాగుదాం రండి" అన్నాను. టీ తాగుతూ ఆ తండ్రీకూతుళ్ళకి ఏం చెప్పానో, అదే ఇవాళ మీకూ చెబుతాను.

ఒక్కటే మాట. పైలెట్ చదువుని లక్షల్లో లెక్కపెట్టకండి. గంటల్లో లెక్కపెట్టండి.

ఇదేం లెక్క అంటారా? చెబుతాను.

డిగ్రీ చదువు ఏళ్ళ లెక్క. మూడేళ్ళు కాలేజీకి వెళ్ళి పరీక్షలు రాస్తే పట్టా చేతికొస్తుంది. పైలెట్ చదువు అలా కాదు. ఎన్నేళ్ళు చదివావని ఎవరూ అడగరు. ఎన్ని గంటలు ఎగిరావని అడుగుతారు. ఇంజను వేసి, ఎగరడానికని విమానం కదిలిన నిమిషం నుంచి, దిగి ఆగిన నిమిషం దాకా ఉన్నదే లెక్క. ప్రతి ప్రయాణాన్నీ ఒక పుస్తకంలో రాస్తారు. దాన్ని లాగ్‌బుక్ అంటారు. ఏ తారీఖు, ఏ విమానం, ఎక్కడి నుంచి ఎక్కడికి, ఎంతసేపు. దాని మీద సంతకం. ఉపాధి పనిలో మస్టర్ ఉంటుంది చూడండి, అచ్చం అలాగే. మస్టర్‌లో పేరు పడకపోతే ఆ రోజు మీరెంత మట్టి తవ్వినా కూలి రాదు. లాగ్‌బుక్‌లో పడని గంట కూడా అంతే.

మరి ఎన్ని గంటలు కావాలి?

మన దేశంలో ఈ లైసెన్సులన్నీ ఇచ్చేది డీజీసీఏ. పౌరవిమానయాన డైరెక్టరేట్ జనరల్ అన్నమాట. వాళ్ళ నిబంధనల ప్రకారం మెట్లు మూడు. మొదటిది స్టూడెంట్ పైలెట్ లైసెన్సు. పదో తరగతి పాసై, 16 ఏళ్ళు నిండాలి. ఇది మన బండి నేర్చుకునేటప్పుడు తీసుకునే ఎల్ఎల్ఆర్ లాంటిది. రెండోది ప్రైవేట్ పైలెట్ లైసెన్సు. 17 ఏళ్ళు నిండాలి, 40 గంటలు ఎగిరి ఉండాలి. ఇది సొంత బండి లైసెన్సు లాంటిది. నడుపుకోవచ్చు. ప్రయాణికుల్ని ఎక్కించుకుని డబ్బు తీసుకోకూడదు. మూడోది కమర్షియల్ పైలెట్ లైసెన్సు. 18 ఏళ్ళు నిండాలి, 200 గంటలు ఎగిరి ఉండాలి. జీతం తెచ్చేది ఇదే.

మళ్ళీ చెబుతాను. 16 ఏళ్ళకి స్టూడెంట్ లైసెన్సు. 17 ఏళ్ళకి ప్రైవేట్, దానికి 40 గంటలు. 18 ఏళ్ళకి కమర్షియల్, దానికి 200 గంటలు. అంటే మన పిల్లలకి మోటార్‌సైకిల్ లైసెన్సు రాకముందే విమానం లైసెన్సు రావచ్చన్నమాట. 

సరే, ఇప్పుడు చిన్న భాగహారం. 40 లక్షల్ని 200 గంటలతో భాగించండి. గంటకి 20 వేలు. హాస్టలూ, పరీక్ష ఫీజులూ అన్నీ అందులోనే ఉన్నాయనుకుందాం. మాటవరసకే సుమండీ, ఒక్కో స్కూల్లో ఒక్కో రేటు. అయినా గంట అంత ఖరీదు ఎందుకయింది? నేర్పడానికి వాడే చిన్న విమానం, సెస్నా 172 లాంటిది, గంటకి 30 లీటర్ల పైన పెట్రోలు తాగుతుంది. అది మన బంకులో దొరికే పెట్రోలు కూడా కాదు, విమానాలకి వేరే. పక్కన కూర్చుని నేర్పే ఇన్‌స్ట్రక్టర్ జీతం, ఇన్ని గంటలకోసారి ఇంజను విప్పి చూసే మెకానిక్కుల జీతం, బీమా. అవన్నీ ఆ గంటలోనే ఉంటాయి.

లెక్క గంటల్లోకి మారగానే స్కాలర్‌షిప్పు అనే మాట కూడా వేరేగా వినబడుతుంది. ఎవరో వచ్చి, "మీ పిల్లకి అయిదు లక్షలిస్తాం" అన్నారనుకోండి. మనకి అది చాలా పెద్ద సొమ్ము. ఊరంతా చప్పట్లు కొడుతుంది. గంటల్లోకి మార్చి చూడండి. 25 గంటలు. ప్రైవేట్ లైసెన్సుకే 40 కావాలి. అంటే ఆ అయిదు లక్షలతో పిల్ల దారి మధ్యలో ఆగిపోతుంది.

ఇంకో లెక్క చెబుతాను. ఎస్సీ విద్యార్థుల కోసం కేంద్ర ప్రభుత్వం పెట్టిన టాప్ క్లాస్ అనే పథకం ఉంది. దాని మార్గదర్శకాల్లో, ప్రైవేటు ఫ్లయింగ్ క్లబ్బులో కమర్షియల్ పైలెట్ శిక్షణకి ఏడాదికి 3 లక్షల 72 వేలు హద్దుగా రాశారు. రాసినప్పుడు ఆ డబ్బుకి ఎన్ని గంటలు వచ్చేవో గాని, మన మాటవరస రేటుకి 18 గంటలు దాటి కాస్త వస్తుంది. స్కీము చెడ్డదని కాదు నేననేది. రూపాయల్లో రాసిన హద్దు అక్కడే ఉంటుంది, గంట ధర మాత్రం పెట్రోలుతోపాటు పెరుగుతూ పోతుంది. గంటల్లో రాసి ఉంటే ఈ బాధ ఉండేది కాదు.

అందుకని, ఎవరు సాయం చేస్తామన్నా మీరు అడగాల్సింది "ఎన్ని లక్షలు?" అని కాదు. "ఎన్ని గంటలు?" అని.

మరి సగం గంటలతో మొదలుపెట్టి, మిగతావి తర్వాత చూసుకుంటే ఏం?

ఇక్కడ మన వ్యవసాయం గుర్తు తెచ్చుకోండి. నారు పోశారు. నారు బాగా లేచింది. నాట్ల వేళకి చేతిలో డబ్బు లేదు, కూలీలు రాలేదు. పది రోజులు ఆగారు. ఇరవై రోజులు ఆగారు. నారు ఆగుతుందా? ముదిరిపోతుంది. ఆ తర్వాత ఎంత డబ్బు తెచ్చి నాటినా పిలకలు వెయ్యదు. మళ్ళీ నారు పోసుకోవాల్సిందే. ఎగరడం నేర్చుకునే పిల్లలదీ అదే పరిస్థితి. ఈత ఒకసారి వస్తే మరిచిపోం. సైకిలూ అంతే. కాని విమానాన్ని దింపడం అలా కాదు. రన్‌వే దగ్గరికి వచ్చేసరికి ఎంత ఎత్తున ఉండాలి, ఎప్పుడు ముక్కు కాస్త పైకెత్తాలి, గాలి పక్కనుంచి తోస్తే ఏ కాలు నొక్కాలి, ఇదంతా చేతికీ కాలికీ కంటికీ పట్టుబడాలి. కొత్తగా నేర్చినవాళ్ళకి రెండు మూడు నెలలు ఎడం వస్తే అది పోతుంది. మళ్ళీ ఇన్‌స్ట్రక్టర్ పక్కన కూర్చుని పాత పాఠమే మొదలెడతాడు. ఆ గంటలకీ డబ్బు కట్టాలి. కొత్త మెట్టు మాత్రం ఎక్కలేదు.

కాబట్టి గంటలు చాలినన్ని ఉండాలి, వరసగా కూడా ఉండాలి. ఈ రెండోది చాలామంది అడగరు. ఫ్లయింగ్ స్కూల్లో చేరేముందు, "నెలకి ఎన్ని గంటలు ఎగరనిస్తారు?" అని అడగండి. విమానాలు తక్కువా, పిల్లలు ఎక్కువా అయితే వంతు రాదు. వానాకాలంలో మబ్బు దిగితే వంతు వచ్చినా ఎగరనివ్వరు. నెలకి 20 గంటలు దొరికితే పది నెలల్లో 200 అవుతాయి. నెలకి 8 గంటలే దొరికితే 25 నెలలు పడుతుంది. ఆ పదిహేను నెలల తేడాకి హాస్టలు ఖర్చు ఎవరు కడతారు? రంగుల బ్రోచరులో ఈ సంగతి ఉండదు. అక్కడ చదువుతున్న పిల్లల్ని పక్కకి పిలిచి అడగండి, చెబుతారు. అన్నట్టు, ఆ స్కూలు పేరు డీజీసీఏ ఆమోదించిన జాబితాలో ఉందో లేదో ముందు చూసుకోండి. మన దేశంలో అందులో లేని స్కూల్లో ఎగిరిన గంట లైసెన్సుకి పనికిరాదు.

మన తెలుగువాళ్ళ సంగతికి వద్దాం.

విజయవాడ పిల్ల అనీ దివ్య పేరు మీలో చాలామంది వినే ఉంటారు. తండ్రి సైన్యంలో పనిచేశారు. ఆవిడ 17 ఏళ్ళకే ఉత్తరప్రదేశ్‌లో అమేఠీ జిల్లాలో ఉన్న ఇందిరాగాంధీ రాష్ట్రీయ ఉడాన్ అకాడమీలో చేరారు. అది కేంద్ర ప్రభుత్వం నడిపే సంస్థ. ఇంట్లోవాళ్ళు అప్పు చేశారు. అక్కడికెళ్ళాక ఆవిడ స్కాలర్‌షిప్పు కూడా తెచ్చుకున్నారు. 19 ఏళ్ళకి శిక్షణ పూర్తిచేసి ఎయిర్ ఇండియాలో చేరారు. 2017 నాటికి, 30 ఏళ్ళ వయసులో, బోయింగ్ 777 లాంటి పెద్ద విమానానికి కమాండర్ అయ్యారు. ఆ విమానానికి ప్రపంచంలోనే అతి చిన్న వయసు మహిళా కమాండర్ అని పత్రికలు రాశాయి. నాకు ఈ కథలో 777 కన్నా 17, 19 అనే అంకెలే పెద్దవిగా కనబడతాయి. రెండేళ్ళు. అంటే నారు ముదరకుండానే నాట్లు పడ్డాయి.

ఇంకొకరు హైదరాబాదు పాతబస్తీకి చెందిన సల్వా ఫాతిమా. తండ్రి బేకరీలో పనిచేసేవారు. సియాసత్ ఉర్దూ పత్రిక సంపాదకుడు జాహెద్ అలీఖాన్ చేయూతతో 2007లో అప్పటి ఆంధ్రప్రదేశ్ ఏవియేషన్ అకాడమీలో చేరారు. లైసెన్సుకి కావాల్సిన గంటలు పూర్తయ్యేసరికి ఏళ్ళు పట్టింది. తీరా లైసెన్సు వచ్చాక ఏమైంది? ఉద్యోగం రాలేదు. ఎందుకని?

ఇది జాగ్రత్తగా వినండి. చిన్న ఒంటి ఇంజను విమానం మీద లైసెన్సు తెచ్చుకోవడం వేరు. వందమంది పైగా కూర్చునే విమానం నడపడం వేరు. బైకు లైసెన్సు ఉన్నవాణ్ణి మన మారేడుమిల్లి, చింతూరు ఘాట్‌లో ఆర్టీసీ బస్సు తోలమంటామా? రెండు ఇంజన్ల విమానం మీద విడిగా శిక్షణ కావాలి. ఆపైన ఏ రకం విమానం నడుపుతారో ఆ రకం మీద ఇంకో శిక్షణ కావాలి. దాన్ని టైప్ రేటింగ్ అంటారు. అవి మళ్ళీ లక్షలు. సల్వా ఫాతిమాకి ఆ మెట్టు ఎక్కడానికి తెలంగాణ ప్రభుత్వం 35 లక్షల పైచిలుకు ఇచ్చింది. ఆ తర్వాతే ఆవిడ విమాన సంస్థలో పైలెట్‌గా చేరగలిగారు.

అంటే మన 200 గంటల లెక్కకి చివర ఒక తోక ఉందన్నమాట. ఆ తోకని కూడా మొదట్లోనే అడగండి. "టైప్ రేటింగ్ మీరిస్తారా, మేం చూసుకోవాలా?" అని.

మూడో ఆవిడ మనకి అందరికన్నా దగ్గర. దగ్గరంటే చుట్టరికం కాదు, దారి. మారేడుమిల్లి దాటి ఘాట్ దిగితే చింతూరు. చింతూరు అవతల ఒడిశాలో మల్కనగిరి జిల్లా. మన సంతలకి వచ్చేవాళ్ళలో ఆ వైపువాళ్ళూ ఉంటారు. ఆ మల్కనగిరి ఆదివాసీ అమ్మాయి అనుప్రియ లక్రా. తండ్రి ఒడిశా పోలీసులో హవల్దారు. ఆవిడ ఇంజినీరింగు మధ్యలో వదిలేసి 2012లో భువనేశ్వర్‌లోని ప్రభుత్వ ఏవియేషన్ శిక్షణ సంస్థలో చేరారు. 2019లో ఇండిగోలో కో-పైలెట్ అయ్యారు. అప్పటి ముఖ్యమంత్రి నవీన్ పట్నాయక్ అభినందించారు. మన పత్రికల్లో కూడా ఫోటో వచ్చింది. 2012 నుంచి 2019. ఏడేళ్ళు. ఫీజులకోసం అప్పులు చేశామని, చుట్టాల్ని సాయం అడిగామని తండ్రే విలేకరులకి చెప్పారు.

రెండేళ్ళు ఒకచోట, ఏడేళ్ళు ఇంకోచోట. తెలివిలో తేడా ఉందని నేననుకోను.

మరి గంటలు ఎవరిస్తారు? చూద్దాం.

ముందుగా, శిక్షణకి ఫీజు అడగనివాళ్ళు. నేషనల్ డిఫెన్స్ అకాడమీ. ఎన్‌డీఏ అంటాం. ఇంటర్ లెక్కలు, ఫిజిక్సు, కెమిస్ట్రీతో చదువుతూ ఉండగానే పరీక్ష రాయొచ్చు. పదహారున్నర నుంచి పందొమ్మిదిన్నర ఏళ్ళ వయసులో తీసుకుంటారు. 2022 నుంచి ఆడపిల్లలూ చేరుతున్నారు. వాయుసేనలో ఫ్లయింగ్ బ్రాంచికి ఎంపికైతే గంటలన్నీ దేశమే ఇస్తుంది. తిండి, బట్ట, చదువు అన్నీ ఉచితం. స్కాలర్‌షిప్పు అనే పేరు లేదు గాని, మన దేశంలో టీనేజి పిల్లలకి ఇంతకన్నా పెద్ద స్కాలర్‌షిప్పు నాకు కనబడలేదు. ఎగరడానికి పనికొస్తారా లేదా అని ఒక యంత్రపరీక్ష పెడతారు. దానికి జన్మలో ఒకే అవకాశం. తప్పితే మళ్ళీ రాయనివ్వరు. అందుకని ఆషామాషీగా వెళ్ళొద్దు.

ఎన్‌డీఏకి దారి చూపించడానికే సైనిక్ స్కూళ్ళు పెట్టారు. మనకి దగ్గరది కోరుకొండ సైనిక్ స్కూలు. 1962 నుంచీ ఉంది. కోరుకొండ అంటే రాజమండ్రి పక్కన నరసింహస్వామి కొండ ఉన్న కోరుకొండ కాదండోయ్. విజయనగరం పక్కన ఉన్నది. ఆ ఊరనుకుని ఈ ఊళ్ళో బస్సు దిగినవాళ్ళని నేనెరుగుదును. ఆరో తరగతిలో, తొమ్మిదో తరగతిలో ప్రవేశపరీక్ష ఉంటుంది. గిరిజన పిల్లలకి సీట్లు కేటాయించి ఉన్నాయి.

తర్వాత ఎన్‌సీసీ ఎయిర్ వింగ్. అన్ని కాలేజీల్లోనూ ఉండదు. ఉన్నచోట క్యాడెట్లని చిన్న మైక్రోలైట్ విమానంలో ఎక్కిస్తారు. అక్కడ దొరికేవి కొద్ది నిమిషాలే. దాంతో లైసెన్సు రాదు. కాని గాల్లోకి లేస్తే తల తిరుగుతుందా, కడుపులో తిప్పుతుందా, లేక ఇంకాసేపు ఉండాలనిపిస్తుందా, అది తెలిసిపోతుంది. లక్షలు అప్పు చేశాక తెలిసే కన్నా ఇలా తెలియడం నయం. పైగా సీ సర్టిఫికెట్ ఉన్న ఎయిర్ వింగ్ క్యాడెట్లకి వాయుసేనలో ప్రత్యేక ప్రవేశం ఉంది.

ఇక ప్రభుత్వ స్కాలర్‌షిప్పులు. పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్పు మన గిరిజన విద్యార్థులకి తెలిసిందే. దాని కోర్సుల జాబితాలో మొదటి వర్గంలో, మెడిసిన్, ఇంజినీరింగుల తర్వాత, కమర్షియల్ పైలెట్ లైసెన్సు కూడా ఉంటుంది. హెలికాప్టర్‌తో సహా. ఈ మాట మన ఆశ్రమ పాఠశాలల్లో ఎంతమందికి తెలుసు? రంపచోడవరం ఐటీడీఏ ఆఫీసుకి వెళ్ళినప్పుడు ఆ జాబితా చూపించమని అడగండి. చూపించాక మన ప్రశ్న ఉండనే ఉంది. ఎన్ని గంటలు? ఎన్ని విడతల్లో? డబ్బు విమానం ఎగిరే నెలలో వస్తుందా, ఏడాది చివర వస్తుందా? ఏడాది చివరొచ్చే డబ్బంటే, చెప్పాను కదా, ముదురు నారు. కేరళలో ఎస్సీ, ఎస్టీ పిల్లలకి వింగ్స్ అనే పేరుతో తిరువనంతపురం ఏవియేషన్ అకాడమీలో పైలెట్ శిక్షణ ఇప్పిస్తున్నారు. అలాంటిది మనకీ కావాలని గ్రామసభలో ఒక తీర్మానం రాస్తే కాగితం ఖర్చే కదా.

అమెరికా వాళ్ళు ఏం చేస్తారో కూడా ఒక మాట. అక్కడ విమానాలంటే పిచ్చి ఉన్నవాళ్ళ సంఘాలు ఊరూరా ఉంటాయి. ఈఏఏ అని పెద్ద సంఘం. 2019 నుంచి రే ఏవియేషన్ స్కాలర్‌షిప్పు అని ఇస్తున్నారు. 16 నుంచి 19 ఏళ్ళ పిల్లలకి. మొదట్లో ఒక్కొక్కరికి 10 వేల డాలర్ల దాకా. ఆ అంకె ఎందుకు పెట్టారంటారు? ప్రైవేట్ లైసెన్సుకి కావాల్సిన గంటల్లో చాలా భాగం దాంతో వస్తుందని. డబ్బు ఒక్కసారి చేతిలో పొయ్యరు. ఒక్కో మెట్టు ఎక్కితే ఒక్కో విడత ఇస్తారు. ఊళ్ళో ఉన్న సంఘంవాళ్ళే పిల్లని కనిపెట్టుకుని ఉంటారు, ఈ వారం ఎగిరావా లేదా అని. మన డ్వాక్రా సంఘం లీడరు వాయిదా కోసం ఇంటికొచ్చి కూర్చుంటుంది చూడండి, అలా. నాకు నచ్చింది డాలర్లు కాదు, ఈ కూర్చోవడం.

ఇప్పుడు ఆ గంటల లోపల ఏముంటుందో కొంచెం చెప్పనివ్వండి. ఇది చెప్పకపోతే నాకు తోచదు.

200 గంటల్లో 100 గంటలు పిల్ల తనే కెప్టెన్‌గా ఎగరాలి. పక్కన నేర్పేవాళ్ళు పట్టుకుని కూర్చుంటే కాదు. మొదటిసారి ఒంటరిగా ఎగరడాన్ని సోలో అంటారు. మన కొండల్లో జీలుగు చెట్టు ఎక్కడం ఎలా నేర్పుతారు? తండ్రి ముందు తనతోపాటు ఎక్కిస్తాడు. ఎక్కడ కాలు పెట్టాలో చూపిస్తాడు. ఒకరోజు ఏమీ చెప్పకుండా తను కింద నిలబడిపోతాడు. "నువ్వెక్కు" అంటాడు. పైన ఉన్నవాడి కన్నా కింద ఉన్నవాడికే ఎక్కువ చెమట పడుతుంది. ఫ్లయింగ్ స్కూల్లో కూడా ఇన్‌స్ట్రక్టర్ ఒకరోజు బెల్టు విప్పుకుని దిగిపోతాడు. "ఒక చుట్టు తిరిగి రా" అంటాడు. ముందుగా చెప్పడు. చెబితే ఆ రాత్రి పిల్లలకి నిద్ర పట్టదుగా.

గాలి సంగతి మన పిల్లలకి వేరే చెప్పక్కర్లేదు. కళ్ళంలో తూర్పారబట్టేవాళ్ళు ముందు గాలి ఎటో చూసుకుంటారు. విమానం కూడా గాలికి ఎదురు తిరిగి లేస్తుంది, గాలికి ఎదురుగానే దిగుతుంది. ఎదురుగాలి రెక్కకి ఆనుతుంది. తక్కువ పరుగుతో లేచిపోతుంది. ఇదే ఫిజిక్సు పుస్తకంలో రెండు పేజీలు ఉంటుంది.

భాష గురించి భయపడతారు మనవాళ్ళు. ఇంట్లో కోయ మాట్లాడతాం, బళ్ళో తెలుగు, ఇంక ఇంగ్లీషులో విమానం ఎలా నడుపుతాం అని. అనీ దివ్య కూడా మొదట్లో ఇంగ్లీషుతో ఇబ్బంది పడ్డానని చెప్పుకున్నారు. విమానం రేడియోలో మాట్లాడేది సాహిత్యం కాదు. కొన్ని కట్టుదిట్టమైన మాటలు, అంకెలు. ఆ అంకెలు కూడా ఒక్కొక్కటిగా పలుకుతారు. నైన్, ఫైవ్ రెండూ గరగరలో ఒకలాగే వినబడతాయి. అందుకని నైన్‌ని నైనర్ అంటారు. ఫైవ్‌ని ఫైఫ్ అంటారు. కొండ మీద సిగ్నలు సరిగ్గా లేని ఫోన్లో మాట్లాడ్డం అలవాటైనవాళ్ళకి, ఇదేమంత కష్టం చెప్పండి?

ఇంకొక్క సంగతి. ఇది డబ్బుకన్నా ముందు చూసుకోవాల్సింది. కళ్ళు, ఒళ్ళు.

అప్పు చెయ్యకముందే, దరఖాస్తు పెట్టకముందే, డీజీసీఏ గుర్తించిన డాక్టరు దగ్గర క్లాస్ టూ మెడికల్ చేయించండి. కొన్ని వేల రూపాయల్లో తేలిపోతుంది. చుక్కల బొమ్మల్లో దాగిన అంకెల్ని చదవమంటారు. కొందరికి ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియదు. మగపిల్లల్లో ఇది ఎక్కువ. ఇన్నాళ్ళూ వాళ్ళకే తెలిసుండదు. కళ్ళజోడు ఉంటే మాత్రం బెంగపడకండి. జోడుతో చూపు సరిగ్గా ఉంటే పౌరవిమానాలకి పనికొస్తారు. వాయుసేన వాళ్ళు ఇంకా గట్టిగా చూస్తారు. మన ఏజెన్సీ పిల్లలు ఇంకో పరీక్ష కూడా చేయించుకోవాలి. సికిల్‌సెల్ అనే రక్తజబ్బుకి. ఎత్తుకి వెళ్ళేకొద్దీ ఆక్సిజన్ తగ్గుతుంది కదా. అందుకని రక్తం సంగతి డాక్టర్లకి ముఖ్యం. జబ్బు వేరు, జబ్బు లక్షణాన్ని మోయడం వేరు. పనికొస్తారో లేదో తేల్చాల్సింది ఆ డాక్టరు. వీధిలోవాళ్ళు కాదు. ఆడపిల్లలైతే రక్తహీనత ఉందేమో కూడా ఇప్పుడే చూపించుకోండి. అది బాగుచేసుకోగలిగింది.

కమర్షియల్ లైసెన్సుకి ఇంటర్‌లో లెక్కలూ ఫిజిక్సూ ఉండాలన్నది నియమం. ఆర్ట్స్ చదివినవాళ్ళు ఓపెన్ స్కూల్లో ఆ రెండు సబ్జెక్టులూ రాసి వస్తున్నారు. కాబట్టి పదో తరగతి అయిన పిల్లల్ని ఏ గ్రూపులో చేర్చాలా అని ఆలోచిస్తుంటే, ఎంపీసీలో చేరిస్తే ఈ తలుపు తెరిచి ఉంటుంది.

సంతకి తిరిగొస్తాను. టీ అయింది. ఆయన చీపుళ్ళకట్ట బల్ల పక్కన పెట్టి వేళ్ళమీద లెక్కపెడుతున్నాడు. "అయితే గంటకి ఇరవై వేలండీ" అన్నాడు. "సాయం చేసేవాళ్ళని గంటలడగాలి, బడివాళ్ళని నెలకెన్ని అనడగాలి. అంతేగా?" అన్నాడు. అంతే అన్నాను.

పిల్ల మాత్రం తండ్రితో వెళ్ళలేదు. నాతోపాటు బడికొచ్చింది. 200 గంటల్లో ఒక పెద్ద ప్రయాణం ఉండాలని చెప్పాను నేను. 300 నాటికల్ మైళ్ళు. మన లెక్కలో 556 కిలోమీటర్లు. మధ్యలో రెండు వేరే విమానాశ్రయాల్లో దిగి లేవాలి. ఇది విన్నాక ఆమె గోడకున్న మ్యాపు దగ్గరికి వెళ్ళి, సంచి కుట్టుదారం ఒకటి తీసింది. కింద ఉన్న కొలబద్ద చూసుకుని, కిలోమీటర్ల ప్రకారం దారం కొలిచి ముడివేసింది. రాజమండ్రి దగ్గరి మధురపూడి విమానాశ్రయం మీద వేలు పెట్టింది. విశాఖపట్నం దాకా దారం పరిచింది. అక్కణ్ణించి వెనక్కి, మధురపూడి పైనుంచే, విజయవాడ. దారం ఇంకా మిగిలింది. ఆ మిగిలిన ముక్క పట్టుకుని కాసేపు ఆలోచించి అడిగింది.

"మాష్టారూ, తిరిగి ఇంటికి వచ్చేది లెక్కలో పడదా?"

"పడుతుందమ్మా" అన్నాను. "అదీ లాగ్‌బుక్‌లో రాస్తారు."

మిగిలిన దారాన్ని విజయవాడ నుంచి మధురపూడికి లాగింది. అక్కడికి వచ్చేసరికి కాస్త తక్కువైంది. "ముడి విప్పనా?" అంది.